తెర వేరు, దారి వేరు: దూరపు సర్వర్ డెస్క్‌టాప్‌ను భద్రంగా తెరవడం

మా బాబాయ్‌కి విశాఖ పోర్టు దగ్గర చిన్న క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు ఉంది. లెక్కలన్నీ ఆఫీసులోని ఒక విండోస్ సర్వర్‌లో, ట్యాలీలో ఉంటాయి. ఒక సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఏటైపోయిందిరా, ఫైళ్ల పేర్లన్నీ మారిపోయాయి. ఏది నొక్కినా తెరుచుకోట్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. గాజువాకలో ఉండే అకౌంటెంట్ గారు ఇంటి నుంచి పని చేసుకోవడానికి వీలుగా, ఎవరో టెక్నీషియన్ వచ్చి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 నంబర్ పోర్టును రౌటర్‌లో బయటికి తెరిచి వెళ్లాడు. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 4625 నంబర్ ఎంట్రీలు, అంటే విఫలమైన లాగిన్ ప్రయత్నాలు, కిందికి ఎంత జరిపినా అయిపోలేదు. ఎవరో ఎక్కడి నుంచో వారాల తరబడి ఒక్కో పాస్‌వర్డ్ వేసి చూస్తూ ఉన్నారు. చివరికి ఒకటి తగిలింది. పెన్‌డ్రైవ్‌లో పదకొండు రోజుల నాటి బ్యాకప్ ఉండబట్టి ఆఫీసు నిలబడింది. ఆ పదకొండు రోజుల ఎంట్రీలు మాత్రం కాగితాలు ముందేసుకుని మళ్లీ కొట్టారు.

"పాస్‌వర్డ్ పెట్టాం కదా, ఇంకేటి చెయ్యాలి?" అని బాబాయ్ అడిగాడు. చాలామందికి ఉన్న ప్రశ్నే ఇది. క్లౌడ్‌లో చిన్న లినక్స్ సర్వర్ అద్దెకు తీసుకున్న ఇంజనీరింగ్ విద్యార్థికీ ఉంది, మధురవాడలో ఇంటి నుంచి పని చేసే డెవలపర్‌కీ ఉంది.

చిక్కంతా ఒక్కచోట ఉంది. "రిమోట్ డెస్క్‌టాప్" అని ఒకే మాటగా అనేస్తాం కానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. అక్కడి తెర బొమ్మను ఇక్కడికి తెచ్చి, ఇక్కడి మౌస్, కీబోర్డు కదలికలను అక్కడికి చేర్చడం ఒక పని. ఆ రాకపోకలు ఏ దారిన జరగాలి, ఆ దారిలోకి ఎవరు అడుగు పెట్టవచ్చు, మధ్యలో ఎవరైనా చూడగలరా అన్నది రెండో పని. మొదటిది చేసే సాఫ్ట్‌వేర్‌కే రెండోది కూడా అప్పగించడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

ముందు తెర సంగతి. లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించేది వీఎన్‌సీ. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టి 1998లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. సర్వర్‌కు మానిటర్ ఉండదు కదా, డెస్క్‌టాప్ ఎక్కడుంటుంది అని కొత్తవాళ్లు అడుగుతారు. వీఎన్‌సీ సర్వర్ మెమరీలోనే ఒక ఊహా తెరను తయారు చేసి, దాని మీద డెస్క్‌టాప్‌ను నడిపి, మారిన భాగాల బొమ్మలను మనకు పంపుతుంది. ఒకటో నంబర్ తెర అయితే 5901 పోర్టులో, రెండోది అయితే 5902లో కూర్చుంటుంది. చిన్న సర్వర్ అయితే గ్నోమ్ లాంటి బరువైన డెస్క్‌టాప్ బదులు ఎక్స్ఎఫ్‌సీఈ వేసుకుంటే హాయిగా నడుస్తుంది.

వీఎన్‌సీలో బలహీనత పుట్టుకతోనే ఉంది. పాత పద్ధతి వీఎన్‌సీ పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది. మీరు ఇరవై అక్షరాలు పెట్టినా మిగతా పన్నెండూ వృథా. లోపలికి వెళ్లాక మాటలన్నీ బాహాటంగానే సాగుతాయి. మీరు కొట్టే ప్రతి అక్షరమూ, కనిపించే ప్రతి బొమ్మా ఎన్‌క్రిప్షన్ లేకుండా, అంటే మధ్యలోవాళ్లకు అర్థం కాని గుప్తలిపిలోకి మారకుండా, వెళ్తాయి. కొత్త రకాల్లో ఎన్‌క్రిప్షన్ ఉంది. కానీ మీ సర్వర్, మీ వైపు తెర చూపించే వ్యూయర్ రెండూ దాన్నే వాడుతున్నాయని మీరు పనిగట్టుకుని చూసుకోవాలి.

విండోస్‌లో ఉండేది ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్). ఇది ఇంతకంటే చాలా మెరుగు. రాకపోకలను తనే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ ఆన్‌లో ఉంటే, మీరు ఎవరో తేలకముందు లాగిన్ తెర కూడా చూపించదు. దాన్ని ఎప్పుడూ ఆఫ్ చేయకండి. మరి బాబాయ్ ఆఫీసులో దెబ్బ ఎలా తగిలింది? ఎన్‌క్రిప్షన్ మధ్య దారిలో దొంగచూపులను ఆపుతుంది. నేరుగా గుమ్మం దగ్గరికొచ్చి తాళంచెవులు ఒక్కొక్కటే తిప్పి చూసేవాణ్ని అది ఆపదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2019 మేలో ఆర్‌డీపీలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్ మెషీన్లలో పాస్‌వర్డ్ అవసరమే లేకుండా లోపలికి దూరనిచ్చే లోపం అది. అప్పటికే గడువు ముగిసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చిందంటే తీవ్రత ఎంతో ఊహించుకోవచ్చు. అలాంటి లోపం ఉన్నప్పుడు పాస్‌వర్డ్ ఎంత పొడవుంటే మాత్రం ఏం లాభం?

మన ఊళ్లో పోర్టు అంటే క్రేన్లు, కంటైనర్లు గుర్తొస్తాయి. నెట్‌వర్క్‌లో పోర్టు అంటే ఒక అంకె మాత్రమే. ఐపీ అడ్రస్ అపార్ట్‌మెంట్ అయితే పోర్టు ఫ్లాట్ నంబర్. అలాంటి ఫ్లాట్లు 65,535 ఉంటాయి. "నా చిన్న ఆఫీసు మీద ఎవరికి కన్నుంటుంది" అని బాబాయ్ అనుకున్నాడు. ఎవరికీ ప్రత్యేకంగా ఉండక్కర్లేదు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. ఒక మామూలు సర్వర్, గిగాబిట్ కనెక్షన్ ఉంటే చాలు, ఐపీవీ4 ఇంటర్నెట్ మొత్తంలో ఒక పోర్టు ఎక్కడెక్కడ తెరిచి ఉందో 45 నిమిషాల్లోపే తట్టి చూడగలదు. అంటే మీ తలుపు తట్టేవాడికి మీ పేరు తెలియనక్కర్లేదు, మీరు ఉన్నారని కూడా తెలియనక్కర్లేదు. 3389ని తీసి 45000 పెట్టుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. తట్టేవాళ్ల సందడి కాస్త తగ్గుతుంది, అంతే. తలుపు అదే, తాళం అదే.

కాబట్టి తెర చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్ ముఖం చూడనివ్వకూడదు. వీఎన్‌సీని లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వినమని చెప్పాలి. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1, ప్రతి కంప్యూటర్‌కూ తన సొంత చిరునామా. బయటి నుంచి ఆ చిరునామాకు ఎవరూ రాలేరు. టైగర్‌వీఎన్‌సీ అనే రకంలో దీనికి ఒక ఆప్షన్ సరిపోతుంది. బయటివాళ్లు ఎవరూ రాలేరంటే మీరూ రాలేరు. మరి మనకు దారేది?

విశాఖ లోపలి హార్బర్‌ను ఒకసారి తలుచుకోండి. 1933 నుంచీ ఓడలు వస్తున్న ఆ హార్బర్ సముద్రానికి ఎదురుగా లేదు, లోపలికి ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకైన కాలువ గుండానే అక్కడికి చేరాలి. ఎంత పెద్ద కెప్టెన్ అయినా దారి చూపే పోర్టు పైలట్ ఎక్కితేనే ఓడ ఆ కాలువలోకి వస్తుంది. లోపల ఎన్ని బెర్తులున్నా వచ్చే దారి అదొక్కటే. మన సర్వర్‌కు కావలసింది కూడా అలాంటి కాలువే.

ఆ కాలువ ఎస్‌ఎస్‌హెచ్. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు కాజేశారు. ఆ సంఘటన తర్వాత అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దీన్ని రాశాడు. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి అప్పటిదాకా వాడుతున్న టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్‌లు బాహాటంగా ప్రయాణించేవి. ఎస్‌ఎస్‌హెచ్ అంటే నల్ల తెర మీద కమాండ్లు కొట్టడమే అనుకుంటారు చాలామంది. కానీ వేరే పోర్టుల రాకపోకలను తన లోపల చుట్టి మోసుకెళ్లడం కూడా దానికి తెలుసు. దాన్నే టన్నెల్ అంటాం. లినక్స్, మ్యాక్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ ఎలాగూ ఉంటుంది, విండోస్ 10 నుంచి అక్కడా ఉంది. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

టన్నెల్ కమాండ్‌లో హైఫన్ ఎల్ ఆప్షన్ తర్వాత 5901:లోకల్‌హోస్ట్:5901 అని రాయమంటారు. కొత్తగా నేర్చుకుంటున్న ప్రతివాళ్లూ తికమక పడేది ఇక్కడే. రెండు 5901లు ఎందుకు? లోకల్‌హోస్ట్ అంటే ఎవరి లోకల్‌హోస్ట్? ఎడమ పక్క అంకె మీ ల్యాప్‌టాప్‌లోది. మధ్యలోని లోకల్‌హోస్ట్, కుడి పక్క అంకె రెండూ సర్వర్ వైపు నుంచి చూడాల్సినవి. "నా ల్యాప్‌టాప్‌లో ఈ అంకె దగ్గరికి ఏది వచ్చినా తీసుకెళ్లి, సర్వర్ లోపలికి వెళ్లాక, సర్వర్ తన ఇల్లు అనుకునే చోట ఆ అంకెకు అందించు" అని దాని అర్థం. అందుకే మొదట్లో ఎడమ పక్క కావాలని వేరే అంకె పెట్టుకోమని చెబుతాను. 15901:లోకల్‌హోస్ట్:5901 అని రాస్తే ఏది ఎవరిదో కళ్లకు కడుతుంది. తర్వాత వీఎన్‌సీ వ్యూయర్‌లో సర్వర్ అడ్రస్ బదులు మీ లోకల్‌హోస్ట్‌నే, 15901 పోర్టుతో ఇవ్వాలి. మీ వ్యూయర్ మీ ల్యాప్‌టాప్‌తోనే మాట్లాడుతున్నానని అనుకుంటుంది. అక్కడ వీఎన్‌సీ సర్వర్ కూడా తన సొంత మెషీన్‌తోనే మాట్లాడుతున్నానని అనుకుంటుంది. మధ్యలో దారి పొడవునా చూసేవాడికి ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 నంబర్ పోర్టుకు వెళ్తున్న ఒకే ఒక ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ తప్ప ఇంకేమీ కనపడదు. వీఎన్‌సీ పాస్‌వర్డ్‌ను మాత్రం తీసేయకండి. ఆ సర్వర్‌లో వేరే వాళ్లకూ ఖాతాలుంటే, వాళ్లకు కూడా ఆ లోకల్‌హోస్ట్ ఇల్లే కదా.

ఇప్పుడు 3389 బదులు 22 తెరిచాం, తట్టేవాళ్లు దాన్నీ తడతారు కదా అని అడగవచ్చు. తడతారు, రోజంతా తడతారు. తేడా అంతా తాళంలో ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌తో లాగిన్‌ను పూర్తిగా ఆపేసి, కీ జతతో మాత్రమే రానివ్వవచ్చు. ఈడీ25519 రకం కీ చేసుకుంటే రెండు ఫైళ్లు వస్తాయి. పబ్లిక్ కీని సర్వర్‌లో పెడతాం. ప్రైవేట్ కీ మన ల్యాప్‌టాప్ దాటి ఎప్పుడూ బయటికి వెళ్లదు. లాగిన్ సమయంలో కూడా వెళ్లదు, అది మన దగ్గరుందని రుజువు చేసే సంతకం మాత్రమే వెళ్తుంది. ఊహించి కొట్టడానికి అక్కడ పదమే లేదు. ఆ కీ ఫైలుకు ఒక పాస్‌ఫ్రేజ్ పెట్టండి, ల్యాప్‌టాప్ పోయినా దొరికినవాడు దాన్ని వెంటనే వాడుకోలేడు. కీని వాట్సాప్‌లో పంపుకునేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఇంకో మనిషికి దారి కావాలంటే వాళ్లే తమ కీ జత చేసుకుని పబ్లిక్ కీని మీకు పంపాలి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, దాదాపు ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. మొదటిసారి కనెక్ట్ అవుతున్నప్పుడు ఈ సర్వర్ నిజమైనదో కాదో తేల్చలేం, ముందుకు వెళ్లమంటారా అని ఎస్‌ఎస్‌హెచ్ అడుగుతుంది. దాని పక్కనే ఎస్‌హెచ్ఏ256 అని మొదలై 43 అక్షరాల వేలిముద్ర ఒకటి చూపిస్తుంది. అందరం చదవకుండానే సరే అంటాం. మనం ఎవరో సర్వర్‌కు నిరూపించుకోవడానికి ఇంత కష్టపడి, అది మన సర్వరేనా అని మనం మాత్రం అడగం. కాలువలోకి రాబోయే ఓడ కెప్టెన్ కూడా పక్కకు వచ్చిన పడవ పోర్టు వాళ్లదేనా అని చూసుకోవాలి కదా. మధ్యలో ఎవరైనా తన మెషీన్‌ను అడ్డం పెడితే, పాస్‌వర్డ్ వాడేవాళ్లు దాన్ని స్వయంగా వాడి చేతిలో పెట్టినట్టే. కీ వాడేవాళ్ల రహస్యం బయటపడదు కానీ, తామున్నది నకిలీ సర్వర్‌లోనని తెలియకుండా పని చేస్తారు. సరైన వేలిముద్ర ఎక్కడ దొరుకుతుంది? క్లౌడ్ సర్వర్ అయితే మొదటిసారి బూట్ అయినప్పటి కన్సోల్ లాగ్‌లో చాలాసార్లు ఉంటుంది. సొంత మెషీన్ అయితే దాని ముందు కూర్చుని చూసి రాసుకోవచ్చు. రెండూ పోల్చి, కలిస్తేనే సరే అనాలి. తర్వాత ఎప్పుడైనా గుర్తింపు మారిందని పెద్ద హెచ్చరిక వస్తే, పాత ఎంట్రీ తీసేసి ముందుకెళ్లే ముందు సర్వర్‌ను ఎవరైనా మళ్లీ ఇన్‌స్టాల్ చేశారా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఆర్‌డీపీ చూపించే సర్టిఫికెట్ హెచ్చరిక కూడా ఇదే ప్రశ్న. అక్కడా ఇదే నిర్లక్ష్యం.

ఒక్క మనిషి, ఒక్క సర్వర్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ చాలు. నలుగురైదుగురు రోజూ పని చేయాలంటే ప్రతి ఒక్కరికీ కమాండ్ నేర్పడం కష్టం. అప్పుడు వీపీఎన్, అంటే మెషీన్లన్నిటినీ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లా కలిపే టన్నెల్, మంచిది. అందులో నా ఓటు వైర్‌గార్డ్‌కే. 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంది. విండోస్‌లోనూ ఫోన్లలోనూ యాప్ ఉంది, ఒక బటన్ నొక్కితే టన్నెల్ ఆన్ అవుతుంది. దాని పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. తెలియని కీతో ఎవరు తట్టినా తిట్టదు, కాదనదు, అసలు పలకదు. బయటివాడికి అక్కడ తలుపు ఉన్నట్టే తెలియదు. మనుషుల లెక్కన కీలు ఇస్తాం కాబట్టి ఎవరైనా ఉద్యోగం మానేసినా, ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నా ఆ ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది. టన్నెల్ గుండా వచ్చినవాళ్లకు కూడా సర్వర్‌లో 3389 తప్ప మిగతావేవీ అందకుండా ఫైర్‌వాల్‌లో కట్టడి చేయడం మర్చిపోకండి.

సర్వర్ క్లౌడ్‌లో కాకుండా ఆఫీసులోనో ఇంట్లోనో ఉంటే ఇంకో చిక్కు రావచ్చు. మన ఊళ్లో చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే అడ్రస్‌ను ఎందరో పంచుకుంటారు. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. బయటి నుంచి నేరుగా మీ దగ్గరికి రావడం కుదరదు. ఇది సర్వర్ ఉన్న వైపు మాత్రమే ఇబ్బంది. గాజువాకలో అకౌంటెంట్ గారి ఇంట్లో అలా ఉన్నా నష్టం లేదు, ఆవిడ బయటికి వెళ్తారు కానీ ఆవిడ దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు. సర్వర్ వైపే అలా ఉంటే, క్లౌడ్‌లో ఒక చిన్న సర్వర్ తీసుకుని రెండు వైపుల నుంచీ అక్కడికి వైర్‌గార్డ్ కలపవచ్చు. లేదంటే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి ఉన్నాయి. రెండు వైపుల నుంచీ తమ కంపెనీ సర్వర్‌కు కనెక్షన్ తెచ్చి అక్కడ కలుపుతాయి. సులువే, కానీ దారి మధ్యలో మూడోవారిని నమ్ముతున్నామని గుర్తుంచుకోవాలి. పైగా ఏదో వంకతో ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేయించి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు ఎక్కువై, 2019లో రిజర్వ్ బ్యాంకే ఎనీడెస్క్ పేరు చెప్పి హెచ్చరించాల్సి వచ్చింది. తప్పు ఆ యాప్‌ది కాదు. తెర ఇచ్చామంటే సర్వం ఇచ్చినట్టేనని మనుషులకు తెలియకపోవడం వల్ల వచ్చింది. బ్రౌజర్ తప్ప ఇంకేదీ వాడలేని చోట తెరను బ్రౌజర్‌లోనే చూపించే అపాచీ గ్వాకమోలీ, విండోస్ సర్వర్‌కైతే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే పెట్టుకోవచ్చు. రెండిటికీ ఓటీపీ లాంటి రెండో తాళం తప్పనిసరి అనుకోండి.

ఇంత చుట్టు తిరిగితే తెర నెమ్మదిగా కదలదా అని భయం వద్దు. నేటి ప్రాసెసర్లకు ఎన్‌క్రిప్షన్ బరువు కాదు. దూరం మాత్రం బరువే. ఫైబర్‌లో కాంతి ఒక మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ సర్వర్‌కు మనం పెట్టుకోవలసిన సమయం లెక్కకు కూడా రాదు. అమెరికా సర్వర్ అయితే వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే, మౌస్ వెనకాల తెర ఈదుకుంటూ వస్తున్నట్టుంటుంది. సర్వర్ తీసుకునేటప్పుడే ముంబై, హైదరాబాద్ ఎంచుకోండి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటర్ కోసం 15 బిలియన్ డాలర్ల ప్రకటన చేసినప్పటి నుంచి ఊళ్లో అందరి నోటా డేటా సెంటర్ మాటే. రేపు సర్వర్ రుషికొండ పక్కకే వచ్చినా దారి విషయంలో మాత్రం ఇక్కడ చెప్పినదేదీ మారదు.

రెండు చిన్న జాగ్రత్తలు. ఆర్‌డీపీలో మీ ల్యాప్‌టాప్ డ్రైవులను సర్వర్‌లో కనిపించేలా పెట్టే సౌకర్యం ఉంది. అవసరం లేకపోతే ఆపేయండి. సర్వర్‌కు జబ్బు చేసిన రోజున అది మీ ల్యాప్‌టాప్‌ దాకా పాకడానికి అదే వంతెన అవుతుంది. రెండోది, ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకే కీ పెట్టుకుని కూర్చోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరు రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా గడిపింది. ఎక్కడో ఉన్న సర్వర్‌కు ఏమీ కాదు. కనెక్షన్ తెగినా మీరు లాగాఫ్ చేయలేదు కాబట్టి మీ డెస్క్‌టాప్, తెరిచిన ఫైళ్లు అక్కడ అలాగే ఉంటాయి. దాన్ని చేరుకోవడానికి వేరే ఊళ్లో ఉన్న మనవాళ్ల దగ్గర, వాళ్ల సొంత కీ ఒకటి ముందే నమోదై ఉండాలి.

బాబాయ్ ఆఫీసులో రౌటర్‌లో 3389 మూసేసి వైర్‌గార్డ్ పెట్టిన రోజున, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఆర్‌డీపీ యాప్ తెరిచి ఆఫీసు పబ్లిక్ అడ్రస్ కొట్టాను. చాలాసేపు తిరిగి తిరిగి కనెక్ట్ కాలేదని చెప్పింది. బాబాయ్ కంగారు పడ్డాడు. "పని చెయ్యట్లేదు కదరా!" "అదే కావాలి బాబాయ్, ఇప్పుడు ఆవిడకు ఫోన్ చెయ్యి" అన్నాను. గాజువాకలో అకౌంటెంట్ గారు టన్నెల్ బటన్ ఆన్ చేసి లాగిన్ అయ్యారు, ఆఫీసు ప్రింటర్ నుంచి ఒక వోచర్ బయటికొచ్చింది. వారం తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో 4625 కోసం వెతికితే ఒక్కటే ఎంట్రీ కనిపించింది. సోమవారం పొద్దున్న తొందరలో ఆవిడ పాస్‌వర్డ్ తప్పు కొట్టారు.